మయు

నీళ్ళు ఇంకా పిలవలేదు. పక్క హాల్లో రాగి బాన కింద నిప్పు రాజేశారు, ఆడవాళ్ళు విసనకర్రలతో విసురుతూ గుసగుసలాడుకుంటున్నారు, బాన కాగి మూత అంచున సన్నగా కూత మొదలైతే దాన్ని మావాళ్ళు నీళ్ళు పిలవడం అంటారు, అవి పిలిచేదాకా ఈ చిన్న గది నాది, ఈ చాప నాది, ఈ మోకాళ్ళ నొప్పి కూడా నాదే, ఎవరికైనా ఇచ్చేద్దామంటే తీసుకునేవాళ్ళు లేరు. ముందర పళ్ళెంలో తెల్ల కాగితం చుట్టిన మంగలికత్తి. మా అమ్మమ్మ మిసావో చేతిలో ఉండేది అది, దాంతోనే నా కనుబొమ్మలు గీసేసింది, ఇవాళ దాంతోనే నేను నా కూతురి కనుబొమ్మలు గీసెయ్యాలి. నగిసా ఇంకా రాలేదు. వస్తుంది, ఎదురుగా కూర్చుంటుంది, ముఖం పైకెత్తుతుంది, నేను ఈ పక్కొకటీ ఆ పక్కొకటీ తీసేస్తాను, నీళ్ళు పిలుస్తాయి, ఇద్దరం హాల్లోకి వెళ్తాం, బానలో తేలే పట్టుగూళ్ళలోంచి అది గడ్డి చీపురుతో దారపు కొస దొరకబుచ్చుకుంటుంది, ఇక పీఠం మీద అదే అమ్మగారు, నేను ఇంటికి పోయి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. ఎంత సుఖం. ఆ సుఖం కోసం కన్నకూతురి ముఖం మీద కత్తి పెట్టాలి, అంతే.

వాసన మొదలైంది. ఉడికే పట్టుపురుగు వాసన, ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి తల్లిపాల తర్వాత ముక్కుకి తగిలేది అదే. ఇప్పుడు పట్టుమిల్లులు లేవు, సువా సరస్సు చుట్టూ ఆ పొగగొట్టాలు లేవు, ఏడాదికి ఒక్కసారి మా మతం మొదలెట్టిన తోవమ్మ రోజున మేం ఉడకబెట్టినప్పుడే ఈ కంపు, వీధిలోవాళ్ళు కిటికీలు మూసుకుంటారు, పురుగుల మతంవాళ్ళు మొదలెట్టారర్రా అంటారు. అననీ. తోవమ్మ ముక్కుకి ఇదే ధూపం. కొండ అవతలి ఊరినుంచి చిన్నపిల్లగా నడిచొచ్చి మిల్లులో బాన ముందు నిలబడింది తోవమ్మ, వేడినీళ్ళలో నాని వేళ్ళు తెల్లగా ముడతలు పడి జీవితమంతా అలాగే ఉండిపోయాయట, ఆ వేళ్ళతో కొస వెతుకుతూ వెతుకుతూ ఒకరోజు నిలబడ్డచోటనే గొంతు మారిపోయి మాట్లాడిందట. మొదట్లో నీళ్ళున్నాయి, వేడిగా ఉన్నాయి, అందులో ఒక తెల్లటి పట్టుగూడు తేలుతోంది, అదే లోకం. దేవుడు దాన్ని తిప్పి తిప్పి కొస పట్టుకున్నాడు, లాగాడు, ఆ లాగడమే కాలం, గూడు అటు తిరిగితే పగలు, ఇటు తిరిగితే రాత్రి, పట్టు పలచబడ్డచోట అవతలి వెలుతురు కనపడితే అవి చుక్కలు. మనిషి ఆ దారంలో ఒక చుట్టు. చావంటే తెగిపోవడం కాదు, రాట్నం మీదికి ఎక్కడం. చదువుకోని పిల్ల, రోజంతా నిలబడి కాళ్ళు వాచిపోయిన పిల్ల, ఆ మాటలు ఎక్కడినుంచి తెచ్చుకుంది? ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది, ఇప్పుడూ జలదరించింది. అదంతా నేను నమ్ముతాను. నా గొడవ దాంతో కాదు. నా గొడవ ఒక్క మాటతో.

తలుపు కొంచెం జరిగింది, ఓనుమాగారి తల. మా సంఘానికి పెద్ద ఆయన, తెల్లవారుజామునుంచి ఊపిరి పీల్చుకోకుండా తిరుగుతున్నాడు.

"అమ్మగారూ, బొగ్గులు తడిసినట్టున్నాయండీ, కాస్త ఆలస్యమవుద్ది. పాప వచ్చిందా?"

"వస్తుందిలెండి."

"కత్తి పదును చూసుకున్నారా?"

"నా గొంతు మీద చూసుకోమంటారా?"

ఆయన నవ్వాలో వద్దో తెలియక నా ముఖంలోకి చూశాడు, అందులో ఏమీ దొరకలేదు, ఎప్పుడూ దొరకదు, వంగి దణ్ణం పెట్టి తలుపు మూసేశాడు. పాపం ఆయన తప్పేముంది. కనుబొమ్మల్లేని ముఖంలో ఏం చదువుతారు ఎవరైనా. నా మొగుడు కూడా అంతే, అన్నం తింటూ తింటూ ఆగి, కోపంగా ఉన్నావా అనేవాడు, లేదంటే, మరి సంతోషంగా ఉన్నావా అనేవాడు, కాసేపటికి అడగడం మానేశాడు, తర్వాత నగోయాలో ఉద్యోగమన్నాడు, తర్వాత ఉద్యోగం మాత్రమే కాదన్నారు ఎవరో. నేను ఏడ్చాననే గుర్తు. ఏడ్చినట్టు ఎవరికీ తెలియలేదు, తత్సు మాత్రం, ఓనుమాగారి భార్య, అమ్మగారి మనసు ఎంత నిబ్బరమో చూశారా అని అందరితో చెప్పుకుని మురిసిపోయింది. నాకు కత్తి పెట్టిన రోజు నగిసా ఉయ్యాల్లో ఉంది. ఇంటికెళ్ళి ఎత్తుకుంటే నా ముఖంలోకి అలా చూసి, చూసి, గుక్కపట్టి ఏడ్చింది, పాలు తాగలేదు, రొమ్ము నొప్పెట్టి నేను చీకట్లో దీపం ఆర్పేసి కూర్చున్నాను, చీకట్లో తాగింది. అలా చాలా రోజులు చీకట్లోనే తాగింది. ఇప్పుడా పిల్ల మత్సుమోతోలో పళ్ళ డాక్టరు దగ్గర పళ్ళు శుభ్రం చేసే ఉద్యోగం చేస్తోంది. మాస్కు వేసుకుంటే నాకు కనపడేవి ఇవేనమ్మా అంటుంది కనుబొమ్మలు ఎగరేసి, నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళు వీటినే చూస్తారు, ఇవి కిందికొస్తే నొప్పి వస్తుందని భయపడతారు, పైకెళ్తే ఊపిరి వదులుతారు అంటుంది. అదేదో ఉత్తి మాటలా చెప్పింది, అన్నంలో ఊరగాయ కలుపుకుంటూ. ఆ రోజునుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

ఒక్క మాట. మయు. మా భాషలో పట్టుగూడు మయు, కనుబొమ్మా మయు, పలకడంలో వెంట్రుకవాసి తేడా లేదు. తర్వాతెప్పుడో ఒక రోజు మిల్లులో అమ్మమ్మ మిసావో తోవమ్మ పక్క బాన దగ్గర ఉంది, కొత్తగా చేరిన పిల్ల, దారం మాటిమాటికీ తెగుతోందని మేస్త్రీ చెంప వాయించాడు, ఆవిర్లో నిలబడి వెక్కుతోంది. తోవమ్మ ఆ పిల్ల వైపు తిరిగి, మయు విప్పు, అంది. అంతే అంది. నొసలు ముడేసుకుని ఏడుస్తున్న పిల్లని చూసి ఏ పెద్దదైనా అనే మాట, ఆ ముడి విప్పమ్మా, ఊరుకోమ్మా అని. కానీ అప్పటికే తోవమ్మ నోరు తెరిస్తే పట్టుగూడే కదా, పొద్దున లేస్తే గూడు, దారం, కొస, వరసలోవాళ్ళంతా చెవులు రిక్కించుకుని ఉన్నారు. గూడు విప్పు! సాయంత్రానికి మిల్లంతా పాకిపోయింది, లోకం అనే గూడు విచ్చుకునే రోజు ఒకటుంది, ఆ రోజు లోపల నిద్రపోతున్నదంతా రెక్కలతో బయటికొస్తుంది, చచ్చిపోయినవాళ్ళు కూడా. ఆ చలికాలమే తోవమ్మ దగ్గి దగ్గి పోయింది, ఏమన్నావమ్మా అని అడిగేవాళ్ళు ఎవరూ లేకపోయారు. తర్వాత ఒకరిద్దరికి అనుమానం రాకపోలేదు, కనుబొమ్మనేమో అని గొణిగారు, రెండు జట్లయ్యారు, పెద్దలు కూర్చుని తెగ ఆలోచించి తీర్పు చెప్పారు: పీఠం మీద కూర్చునే మనిషికి కనుబొమ్మలే లేకపోతే ఇక మిగిలేది పట్టుగూడే కదా! భలే తెలివి. ఆ మాట అన్నది తనతోనే కదా అని మిసావోని కూర్చోబెట్టి గీసేశారు. ఒక మాటకి రెండో అర్థం లేకుండా చెయ్యడానికి మా ఇంటి ఆడవాళ్ళ ముఖాలు కావలసి వచ్చాయి.

నా వంతు వచ్చినప్పుడు అమ్మమ్మకి చేతులు వణికేవి, అమ్మ ఎప్పుడో పోయింది, ఇక నేనే. ఇదే గది, ఇదే కంపు. గీసేసి, తడిగుడ్డతో తుడిచి, నా చెవి దగ్గరికి వంగింది.

"ఒక మాట చెప్తానే, అరవకు."

"ఏంటి?"

"అది గూడు కాదే. కనుబొమ్మే. నాతోనే అంది, నా ముఖంలోకి చూసి అంది, బొటనవేలు ఇక్కడ, నొసటి మధ్య పెట్టి రాసింది కూడానూ. వేలు వేడిగా ఉంది."

"ముసలిదానా! ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

"ముందు చెప్తే కూర్చునేదానివా?" అంది, పళ్ళులేని నోటితో నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. ఇంకెవరికైనా చెప్పావా అంటే, ఒక్కడికి చెప్పానంది. యుద్ధం ముందు రోజుల్లో పోలీసులు పట్టుకుపోయారట, ఏం విప్పుతారే మీరు, దేశాన్నా, చక్రవర్తిగారి రాజ్యాన్నా అని. ఆకలికి తట్టుకోలేక చెప్పేసిందట, కనుబొమ్మండీ బాబూ, ఉత్తి కనుబొమ్మ అని. ఆ పోలీసు టీ ఒలికిపోయేలా నవ్వి, పోవే పో అన్నాడట. బయటికొస్తే గేటు దగ్గర మనవాళ్ళంతా నేలమీద సాగిలపడి ఉన్నారు, మా తల్లి నోరు విప్పలేదు అని ఏడుస్తున్నారు. ఈమె నోరు విప్పి, కాస్త మిసో చారు ఉంటే పొయ్యండర్రా అంది. ఆ మాటకీ ఏడ్చారు. ఆ మాటని ఇప్పటికీ ఏటా పూజలో చదువుతారు, నేనే చదువుతాను, గంభీరంగా.

కూత మొదలైందా? లేదు, గాలి. చెక్కసందులోంచి సరస్సు మీది గాలి. నడుము ఒక పక్కకి వాల్చాను, చూసేవాళ్ళెవరూ లేరు. అలిసిపోయాను. పొద్దున్నుంచి కాదు, ఈ ఏడాదినుంచి కాదు. ఇంకా కాలేదు, ఇంకా కాలేదు అని చెప్పీ చెప్పీ అలిసిపోయాను. భూకంపం వస్తే మర్నాడు వాకిట్లో మనుషులు, ఇదేనా అమ్మగారూ, గూడు విచ్చుకుంటోందా? ఇంకా కాలేదు. ఎక్కడో బాంబు పడితే, ఇదేనా? ఇంకా కాలేదు. ఊరంతా మాస్కులు వేసుకుని తలుపులు మూసుకున్న రోజుల్లో ఫోను మోగుతూనే ఉండేది. అందరికంటే తత్సు. తత్సు కొడుకు చలికాలంలో సరస్సు మీద మంచు ఎంత మందముందో చూద్దామని వెళ్ళి అందులోకే పోయాడు, బళ్ళో చదివే వయసు. ఏటా సరస్సు గడ్డకట్టగానే తత్సు వస్తుంది, చేతులు మసి, ఎప్పుడూ ఏదో ఒక పొయ్యి దగ్గర ఉంటుంది మరి, గడప మీద కూర్చుని అడుగుతుంది: ఈ ఏడన్నా అవుద్దా అమ్మగారూ? ఇంకా కాలేదు తత్సూ. అయితే సరేలెండి, ముల్లంగి పచ్చడి తెచ్చాను, బాగా ఊరింది, తినండి. అంతే, లేచి పోతుంది. ఆ మనిషికి నేనేం చెప్పను? నీ కొడుకు బయటికొచ్చే ద్వారం ఒక చిన్నపిల్ల బొమముడి అని చెప్పనా? చెప్పలేక నోరు మూసుకున్నాను, నోరు మూసుకుంటే నిబ్బరమన్నారు. మా ఇళ్ళలో పిల్లలు ఏడిస్తే ఏవేవో అంటాం, ఊరుకో అంటాం, ముక్కు తుడుచుకో అంటాం, మయు విప్పు అనే ఆ రెండు మాటలూ మాత్రం అనం. అవి పూజ మాటలు, పీఠం మీదనుంచి ఏడాదికొకసారి వినవలసినవి. తోవమ్మ చీదరించుకునేది వింటే.

ఇక రేపటినుంచి నగిసా చెప్పాలి, ఇంకా కాలేదని. నేను మాట దాచి కత్తి పెడితే అది నమ్మి చెప్తుంది. పెట్టాక చెబితే నాలాగే నోరు మూసుకుని చెప్తుంది. పెట్టకముందే చెబితే లేచిపోతుందేమో, లేచిపోతే ఈ బాన ఎవరికి, ఈ హాలు ఎవరికి, తత్సు ఎవరి గడప మీద కూర్చోవాలి? పోనీ చెప్పకుండా ఈ బరువు దించేద్దాం, నాకెందుకు, నేనెంత మోశాను, ఇక నా వల్ల కాదు. చెయ్యి పళ్ళెం మీదికి వెళ్ళింది, కాగితం విప్పింది. కత్తి చల్లగా ఉంది.

తలుపు జరిపి నగిసా లోపలికొచ్చింది. తెల్ల కిమోనో, భుజానికి మాత్రం ఉద్యోగానికి తీసుకెళ్ళే సంచీ, పక్కన పడేసి ఎదురుగా కూర్చుంది. కనుబొమ్మలు రెండూ దగ్గరికొచ్చి మధ్యలో చిన్న నిలువు గీత పడింది. పసిపిల్లప్పుడు జ్వరమొస్తే పడేది ఆ గీత.

"కానియ్యమ్మా," అంది కళ్ళు మూసుకుని. "త్వరగా. ఆలోచిస్తే లేచిపోతానేమో."

"భయమా?"

"నీకు భయం వెయ్యలేదా?"

"వేసింది."

"ఎప్పుడూ చెప్పలేదే."

"ఎలా కనపడుతుందే చెప్పకపోతే," అన్నాను, గొంతు ఎందుకో పైకి లేచింది, కత్తి పట్టుకున్న చెయ్యి దాని నుదుటిదాకా వెళ్ళి ఆగింది, ఆ గీత మీద ఆగింది. ఎంత చిన్న గీత. నా దగ్గర లేనిది. ఇంక నా వల్ల కాలేదు, కత్తి చాపమీద పెట్టేశాను. "గూడు కాదే నగిసా. కనుబొమ్మే. మొదట్నుంచీ కనుబొమ్మే."

కళ్ళు తెరిచింది. చెప్పాను, మేస్త్రీ, చెంపదెబ్బ, ఆవిరి, వేడి బొటనవేలు, అన్నీ. అది వింటున్నంతసేపూ ఆ కనుబొమ్మలు ఒకటే ఆట, పైకి, కిందికి, ఒకటి పైకి ఒకటి కిందికి. తిడుతుందనుకున్నాను.

"అంటే ఏడుస్తున్న పిల్లని ఊరుకోబెట్టడానికి అందా?"

"అంతే."

"దానికి నీ కనుబొమ్మలు తీసేశారా?"

"అంతే."

"అయితే నువ్వు పెంచుకోలేదేం తర్వాత?"

"రావే ఇక. గీసి గీసి మొలవడం మానేశాయి."

నా బోసి నొసటికేసి చూసింది. తర్వాత సంచీ దగ్గరికి లాక్కుని లోపల కెలికింది, టిష్యూలు, బస్సు కార్డు, ఏదో చాక్లెట్టు, చివరికి కనుబొమ్మలు దిద్దుకునే ఒక పొట్టి పెన్సిలు. "కదలకు," అంది. "నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళకి చెప్పినట్టు చెప్తున్నా, కదిలితే గుచ్చుకుంటుంది." ఎడమ చేత్తో గడ్డం పట్టుకుంది. నా ముఖం మీద అది చెయ్యి వెయ్యడం ఎప్పుడో చిన్నప్పుడు. చిన్న చిన్న గీతలు, వెంట్రుక పక్కన వెంట్రుక, దాని ఊపిరి నా బుగ్గకి తగులుతోంది, కాఫీ తాగి వచ్చినట్టుంది. ఒకటయ్యాక వెనక్కి జరిగి తల వంచి చూసింది, పెదవి కొరుక్కుని రెండోది మొదలెట్టింది. అదీ అయ్యాక ఫోను అద్దంలా పట్టి చూపించింది. ఎవరో ముసలావిడ. ఎక్కడో చూసినట్టున్న ముసలావిడ, నొసలు ముడేసుకుని ఉంది.

కూత. ఈసారి గాలి కాదు, సన్నగా మొదలై సాగుతోంది, నీళ్ళు పిలుస్తున్నాయి. ఓనుమాగారు తలుపు తీసి, నగిసాని చూసి, నన్ను చూసి, వంగడం మరిచిపోయాడు.

"అమ్మగారూ, ముఖానికేదో అంటింది."

"అంటలేదు. ఉంది. జరగండి."

హాలు నిండా జనం, ముఖాలన్నీ ఒక్కసారి లేచి అలాగే ఉండిపోయాయి, విసనకర్రలు ఆగిపోయాయి, బాన ఒక్కటే కూస్తోంది. పీఠం దాకా నడవాలి, అక్కడ ఆ రెండు మాటలూ ఏటా చదివినట్టు చదవాలి, కాదు చెప్పాలి, విప్పి చెప్పాలి, వీళ్ళందరికీ, ఎక్కడ మొదలెట్టను? కాళ్ళు బాన దగ్గరే ఆగిపోయాయి. తత్సు విసనకర్ర పట్టుకుని పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉంది, నన్ను చూసి లేచింది, మోకాలి మీద చెయ్యి ఊని కష్టపడి లేచింది, దగ్గరికొచ్చి కళ్ళు చికిలించి నా ముఖం చూసింది, ఇన్నేళ్ళలో మొదటిసారి చూస్తున్నట్టు.

"అయ్యో, అయ్యో. ఎంత అలిసిపోయారమ్మా మీరు! ఎప్పట్నుంచి?"

ముఖంలో ఏదో కదిలింది, పెన్సిలు గీతలు అటూ ఇటూ అవుతున్నట్టు నాకే తెలుస్తోంది, ఇక దాచుకోవడానికి ఏమీ లేదు.

"ఊరుకోండి, ఊరుకోండి," అంది తత్సు. చేతి మసి నాకు అంటకుండా చూసుకుంటూ బొటనవేలు నా నొసటి మధ్య పెట్టి రాసింది. వేలు వేడిగా ఉంది. "ముందా మయు విప్పండి."

అన్నాక ఆ మాట తత్సు చెవినే పడింది. చెయ్యి అలాగే ఉండిపోయింది, నోరు తెరుచుకుంది, వెనకాల ఓనుమాగారు గట్టిగా ఊపిరి పీల్చడం వినపడింది. తత్సు నన్ను చూస్తోంది, అడగడానికి వచ్చినప్పటి చూపే, కానీ ఈసారి ఏమీ అడగలేదు, వేలు తీయలేదు.

విప్పాను.